ఏ గడిలోనూ పట్టని అభిప్రాయం

మా ఆఫీసులో ఏడాదికోసారి అందరూ తప్పనిసరిగా పూర్తి చేయాల్సిన ఆన్‌లైన్ ట్రైనింగులు కొన్ని ఉన్నాయి. మంటలు అంటుకుంటే ఏం చేయాలో చెప్పేది ఒకటి, పాస్‌వర్డుల గురించి ఒకటి, ఆ వరసలోనే అన్‌కాన్షియస్ బయాస్, అంటే మనకు తెలియకుండానే మనలో ఉండే పక్షపాతం మీద ఒకటి. చివర్లో ఒక ఖాళీ పెట్టె వస్తుంది, మీ అభిప్రాయం రాయమని. పేరు అక్కర్లేదు. ఈసారి మా డిపార్ట్‌మెంటు నుంచి వచ్చిన అభిప్రాయాలన్నీ చదివి సర్దే పని నాకు పడింది. హెచ్‌ఆర్ వాళ్ళు ఒక ఎక్సెల్ షీటు పంపారు. ఒక్కో అభిప్రాయం పక్కన మూడు గళ్ళు: అనుకూలం, ప్రతికూలం, తటస్థం. చదివి, ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. గంటలో అయిపోతుందనుకున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది.

చాలావాటితో ఇబ్బంది లేదు. "బాగుంది." "టైమ్ వేస్ట్." "పోయినేడాది వీడియోనే మళ్ళీ పెట్టారు." ఒకరు, "మ్యూట్‌లో పెట్టి నా పని నేను చేసుకున్నాను, క్విజ్‌లో నూటికి నూరు వచ్చాయి" అని రాశారు. కాసేపు ఆలోచించి ప్రతికూలంలో వేశాను. ఇంకొకరు, "నేను మూడేళ్ళుగా చెబుతున్న మాటే ఇది. నేను చెబితే ఎవరూ వినలేదు, వీడియో చెబితే తలలు ఊపారు" అన్నారు. ఇది అనుకూలమా? మాటల్లో అనుకూలమే. రాసిన మనిషి మనసులో ఉన్నది మాత్రం అనుకూలత కాదు.

వాటి మధ్యలో ఇది కనిపించింది: "ఇంకో వీడియో నాకొద్దు. పోయినసారి ప్రమోషన్ ఇంటర్వ్యూ అయ్యి నేను గది బయటికి వచ్చాక, లోపల నా గురించి ఏం మాట్లాడుకున్నారో చెప్పండి. అది చాలు."

ఈ మాటకు ఏ గడీ సరిపోలేదు. ట్రైనింగ్ బాగుందనీ అనడం లేదు, బాగాలేదనీ అనడం లేదు. అసలు ట్రైనింగ్ గురించే మాట్లాడటం లేదు. అన్నీ అయ్యాక మళ్ళీ దాని దగ్గరికే వచ్చి, చివరికి తటస్థంలో టిక్కు పెట్టి షీటు పంపేశాను. పంపాక చాలాసేపు బాధేసింది. ఆ రాసిన మనిషి తటస్థంగా లేరు, చదివిన నేనూ లేను.

ఆ తర్వాత చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. ఈ ట్రైనింగ్ మీద ఉద్యోగులకున్న కోపంలో చాలావరకు న్యాయముంది. కాకపోతే ఆ కోపమంతా "కంపల్సరీ" అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. నాకు అసలు లోపం వేరేచోట కనిపిస్తోంది. వీడియో చూడటాన్ని తప్పనిసరి చేశారు. ఎవరిని తీసుకోవాలి, ఎవరికి ఎంత రేటింగ్ ఇవ్వాలి, ఎవరిని పైకి పంపాలి అనే నిర్ణయాలు ఎలా తీసుకోవాలన్నది మాత్రం ఎవరి ఇష్టానికి వాళ్ళకు వదిలేశారు.

విసుక్కున్నవాళ్ళు చెప్పింది

"వాళ్ళకు మారడం ఇష్టం లేదు, అందుకే విసుగు" అని కొట్టిపారేయడం తేలిక. నాకు అలా అనిపించలేదు. ఒక సీనియర్ సహోద్యోగి నాతో నేరుగా అన్నమాట ఇది: "మీకు తెలియకుండా తప్పు చేస్తున్నారు అంటున్నారు. నాకే తెలియనిదాన్ని నేను ఎలా ఒప్పుకోవాలండీ? ఎలా కాదనాలి?" ఇరవై ఏళ్ళుగా ఎంతోమందిని ఇంటర్వ్యూ చేసి, తనకు చేతనైనంత న్యాయంగా ఉండాలని ప్రయత్నించిన మనిషి. ఆయనకు మొదటి స్లయిడే "మనందరిలోనూ పక్షపాతం ఉంది" అని మొదలైతే అది శాస్త్రంలా వినిపించదు, నింద లాగే వినిపిస్తుంది. ఆయన ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

దానికి తోడు అది చేయించే తీరు. శుక్రవారంలోగా పూర్తి చేయకపోతే మీ మేనేజర్‌కు మెయిల్ వెళుతుందని హెచ్చరిక. కథలోని పాత్ర ఏం చేసి ఉండాల్సింది అంటూ నాలుగు జవాబులిస్తారు. అందులో మూడు ఎవరూ ఎంచుకోనంత మొరటుగా ఉంటాయి. సరైనది కొట్టాక ఒక సర్టిఫికెట్ వస్తుంది. ఇందులో ఎక్కడా మన ఆఫీసు ఉండదు, మన నిర్ణయాలు ఉండవు.

అభిప్రాయాల్లో ఎక్కువమంది పట్టుకున్నది మరొకటి. ముఖాముఖిగా జరిగిన ఒక సెషన్‌ను మా పెద్ద అధికారి ప్రారంభించారు. ఇది మనందరికీ ఎంతో ముఖ్యమని అయిదు నిమిషాలు మాట్లాడి, వేరే మీటింగ్ ఉందని వెళ్ళిపోయారు. ఆయనకు నిజంగానే మీటింగ్ ఉండి ఉంటుంది. అయినా ఎవరి చేతిలో నిర్ణయాలు ఎక్కువ ఉన్నాయో వాళ్ళు లేచి వెళ్ళారని, ఎవరి చేతిలో ఏమీ లేదో వాళ్ళు చివరిదాకా కూర్చున్నారని గదిలో అందరూ చూశారు. ఎన్ని స్లయిడ్లు వేసినా ఆ అయిదు నిమిషాలే అందరికీ గుర్తుండిపోయాయి.

కలిసిపోయిన రెండు ప్రశ్నలు

2021 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో కేపీఎంజీ అనే పెద్ద ఆడిటింగ్ సంస్థ ఛైర్మన్ బిల్ మైఖేల్ ఉద్యోగులతో ఆన్‌లైన్ మీటింగ్‌లో మాట్లాడుతూ అన్‌కాన్షియస్ బయాస్ అనేదే లేదన్నారు. ఇన్ని ట్రైనింగులు జరిగాయి, ఏ ఒక్కదాని తర్వాతా ఏదీ బాగుపడలేదు అనేది ఆయన చెప్పిన కారణం. ఆ మీటింగ్‌లో అన్న ఇతర మాటలూ కలిసి పెద్ద దుమారం రేగింది, అదే నెలలో ఆయన రాజీనామా చేశారు. ఆ వార్త చదివినప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడు మళ్ళీ ఆలోచిస్తే, మా షీటులో సగంమంది చేసిన పొరపాటే ఆయనా చేశారనిపిస్తోంది. ట్రైనింగ్ పనిచేయడం లేదు కాబట్టి జబ్బే లేదు అనడం. మందు పనిచేయకపోతే తప్పు మందుదని అంటాం, జ్వరమే లేదని అనం కదా.

జబ్బు ఉందనడానికి వీడియోలు అక్కర్లేదు. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో బోస్టన్, షికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపారు. అర్హతలు ఒక్కలాంటివే, పేర్లే వేరు. 2004లో ఫలితాలు ప్రచురించారు. తెల్లవాళ్ళ పేరులా వినిపించే పేరుంటే సగటున 10 దరఖాస్తులకు ఒక పిలుపు వచ్చింది. నల్లవాళ్ళ పేరులా వినిపిస్తే 15 పంపాల్సి వచ్చింది. 2012లో వచ్చిన మరో అధ్యయనంలో 127 మంది సైన్సు ప్రొఫెసర్లకు ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి ఒకే దరఖాస్తును చూపించారు. కొందరికి దాని మీద జాన్ అని, మిగతావాళ్ళకు జెన్నిఫర్ అని ఉంది. జాన్‌కు సగటున ఏడాదికి 30,238 డాలర్లు ఇవ్వవచ్చన్నారు, జెన్నిఫర్‌కు 26,508. మహిళా ప్రొఫెసర్లు కూడా అలాగే అన్నారు. ఈ విషయం నన్ను ఆపేసింది. వీళ్ళెవరూ దుర్మార్గులు కాదు. ఆ కాగితం చదువుతున్నప్పుడు తాము అన్యాయం చేస్తున్నామని వాళ్ళలో ఒక్కరికైనా అనిపించి ఉంటుందా?

ఆ సీనియర్ సహోద్యోగి ప్రశ్నకు జవాబు ఇక్కడ కొంత దొరుకుతుంది. ఒక్క మనిషిని ఒక్క నిర్ణయం దగ్గర నిలబెట్టి అడిగితే దీన్ని ఒప్పుకోవడానికీ కాదనడానికీ దారి ఉండదు. వందల నిర్ణయాలను పక్కపక్కన పెడితే మాత్రం కనిపిస్తుంది.

మనసును కొలిచే పరీక్ష

చాలా ట్రైనింగుల్లో ఒక భాగంగా ఒక పరీక్ష ఉంటుంది. తెర మీద ముఖాలు, మాటలు వేగంగా వస్తుంటే రెండు మీటల్లో ఒకటి నొక్కాలి. ఎలాంటి ముఖానికీ ఎలాంటి మాటకూ ఒకే మీట ఉన్నప్పుడు ఎంత ఆలస్యంగా నొక్కామన్నది మిల్లీ సెకన్లలో లెక్కించి మన మొగ్గు ఎటో చెబుతుంది. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, ఆయన సహచరులు 1998లో ప్రవేశపెట్టారు దీన్ని. తర్వాత మహజరీన్ బనాజీ, బ్రయాన్ నోసెక్‌లతో కలిసి ఇంటర్నెట్‌లో ఎవరైనా రాసుకునేలా పెట్టారు.

మా టీమ్‌లో ఒకామె దీన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేసింది. పొద్దున "బలమైన మొగ్గు" అని వచ్చింది, సాయంత్రం "స్వల్ప మొగ్గు" అని. "మధ్యాహ్నం భోజనం తర్వాత నేను మంచిదాన్నయిపోయానా?" అని అడిగింది, కోపంగానే. ఆ పరీక్షను తయారు చేసినవాళ్ళే ఒక్కో మనిషి మీద తీర్పు చెప్పడానికి దీన్ని వాడటం సరికాదని రాశారు. ఆ ముక్క ట్రైనింగ్ వీడియోలో లేదు. అది చెప్పకుండా ఉద్యోగుల చేతికి మార్కులివ్వడం అన్యాయం. ఇక్కడ విసుక్కున్నవాళ్ళతో పూర్తిగా ఏకీభవిస్తాను.

ఈ మొగ్గును తగ్గించవచ్చా అని కూడా చూశారు. కాల్విన్ లాయ్, ఇతర పరిశోధకులు 2016లో ప్రచురించిన పనిలో తొమ్మిది పద్ధతులు ప్రయత్నించారు. వెంటనే చూస్తే తొమ్మిదీ పనిచేశాయి. కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల తర్వాత చూస్తే ఒక్కటీ మిగల్లేదు. 2019లో దాదాపు 500 అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలిసింది. ఆ పరీక్షలో అంకె మారినంత మాత్రాన మనుషుల ప్రవర్తన మారుతుందనడానికి ఆధారం కనబడలేదు. అంటే మనం ఏడాదికోసారి గంటసేపు పడుతున్న తంటా ఆ వారాంతం దాకా కూడా నిలవకపోవచ్చు.

నా నోట్సులో దొరికింది

నిలవదని నాకు నా అనుభవంలోనే తెలిసింది. ట్రైనింగ్ పూర్తి చేసిన వారంలోనే అప్రైజల్ నోట్సు రాశాను. నా టీమ్‌లో ఒకతను, ఒకామె, ఇద్దరూ దాదాపు ఒకే అనుభవం ఉన్నవాళ్ళు. ఇద్దరూ ఒకే మీటింగ్‌లో ఒకే క్లయింటుకు ఆ గడువు సాధ్యం కాదని గట్టిగా చెప్పారు. అతని గురించి, "ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం ఉంది" అని రాశాను. ఆమె గురించి, "మాట తీరు కొంచెం మెత్తబరుచుకోవాలి" అని రాశాను.

నేనూ పక్క టీమ్ మేనేజరూ అప్పుడప్పుడు నోట్సు మార్చుకుని చదువుతాం. వాక్యాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి మొదలైన అలవాటు అది. ఆమె ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, రెండు వాక్యాల కింద పెన్సిలుతో గీత గీసి నా ముందుకు జరిపింది. ఏమీ అనలేదు. చెవులు వేడెక్కాయి. వాదించడానికి కూడా ఏమీ లేదు.

నన్ను ఇప్పటికీ బాధించే విషయం ఏమిటంటే, సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ట్రైనింగ్ క్విజ్‌లో వచ్చింది. సరైన జవాబు కొట్టాను. విషయం తెలుసు, తెలిసిన నాలుగు రోజులకే అదే చేశాను. నన్ను ఆపింది ఇంకొకరి చూపు, రెండు కాగితాలూ ఒకేసారి చదివిన చూపు. ఆ చదవడం మా ఆఫీసులో ఎవరికీ తప్పనిసరి కాదు. ఆమె ఆ వారం సెలవులో ఉండి ఉంటే నా వాక్యం అలాగే వెళ్ళి ఒకరి ఫైల్లో కూర్చునేది. ఏళ్ళ తరబడి దాన్ని మరెవరో చదివి ఆ ఉద్యోగిని గురించి ఒక అభిప్రాయం ఏర్పరుచుకునేవారు. అంతకుముందు అలాంటివి ఎన్ని రాశానో, వాటిలో ఎన్నింటిని ఎవరూ చదవలేదో ఆలోచిస్తే టెన్షన్‌గానే ఉంటుంది.

కంపల్సరీ తీసేస్తే?

అభిప్రాయాల్లో బాగా ఎక్కువగా వచ్చిన సూచన ఇదే. ఇష్టమున్నవాళ్ళే చేసేలా పెట్టండి అని. దీనికి బలమైన ఆధారమే ఉంది. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 800కు పైగా అమెరికన్ సంస్థల మూడు దశాబ్దాల లెక్కలు చూసి 2016లో రాశారు. మేనేజర్లకు ఇలాంటి ట్రైనింగ్ తప్పనిసరి చేసిన సంస్థల్లో అయిదేళ్ళ తర్వాత చూస్తే మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా సగటున 9 శాతం పడిపోయింది. తప్పనిసరి చేయని చోట కొన్ని వర్గాల వాటా పెరిగింది. బలవంతం చేస్తే మనిషి ఎదురు తిరుగుతాడు అనేది వాళ్ళ వివరణ. మా షీటు చదివినవాళ్ళెవరైనా అది నమ్ముతారు.

అయినా నాకు ఒక సందేహం మిగిలింది. ఇష్టమున్నవాళ్ళే రావచ్చు అని పెట్టిన సంస్థలు మొదటి నుంచే కొంచెం వేరేగా ఉండి ఉండొచ్చు. ఇక మా ఆఫీసులో స్వచ్ఛందం అంటే ఎవరొస్తారో నాకు తెలుసు. నా నోట్సు కింద గీత గీసిన ఆవిడ వస్తుంది. ఇంటర్వ్యూలో "ఈ అబ్బాయిని చూస్తే చిన్నప్పటి నేనే గుర్తొచ్చాను" అని మార్కులేసే ఆయన రారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మూడేళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ వినలేదు అని రాసిన ఆ వ్యక్తి మాటలో నిష్ఠురంతో పాటు ఊరట కూడా ఉంది. ఒక అనుభవానికి అందరూ ఒప్పుకున్న పేరంటూ దొరికితే, మీటింగ్‌లో చేయెత్తి ఆ పేరుతో దాన్ని చూపించవచ్చు. అంతకుముందు అది "ఆమె సున్నితం" అయిపోయేది. ఈ ట్రైనింగ్ వల్ల జరిగిన మేలు అంటూ ఏదైనా ఉంటే అది ఇదే అనుకుంటాను. అందుకే పూర్తిగా ఎత్తేయమని నేను అనలేను. 2020 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం తన సివిల్ సర్వీసులో ఈ ట్రైనింగ్ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, ప్రవర్తన మారుతుందనడానికి ఆధారాలు లేవని. లేవన్నది నిజమే. ఆపేస్తే ఇంటర్వ్యూ గదుల్లో మాటలు వాటంతటవే మారవన్నదీ అంతే నిజం.

నిర్ణయాన్ని తప్పనిసరి చేయడం

2018 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక స్టార్‌బక్స్ కాఫీ షాపులో ఇద్దరు నల్లజాతి యువకులు ఏమీ కొనకుండా మరొకరి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సిబ్బంది పోలీసులను పిలిచారు, వాళ్ళను అరెస్టు చేశారు. మే 29న ఆ సంస్థ అమెరికాలో దాదాపు 8,000 షాపులను ఒక మధ్యాహ్నం మూసి 1,75,000 మందికి ట్రైనింగ్ ఇచ్చింది. అందరికీ గుర్తున్నది ఆ మధ్యాహ్నమే. దానికి కొన్ని రోజుల ముందు మరో పని కూడా చేసింది. లోపలికి వచ్చి కూర్చున్నవాళ్ళు ఏదైనా కొన్నా కొనకపోయినా కస్టమర్లే అని నియమం మార్చింది. నాకు ఈ రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. కౌంటర్ వెనకున్న మనిషి మనసులో ఏముందో ఎవరూ తవ్వాల్సిన పని లేదు. ఏమీ కొనని ఇద్దరిలో ఎవరిని కూర్చోనివ్వాలి, ఎవరిని లేపాలి అనే తీర్పే ఆ మనిషి చేతిలో లేకుండా పోయింది. నియమాలూ శాశ్వతం కాదు. 2025 జనవరిలో ఆ సంస్థ ఉత్తర అమెరికాలో దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ అది ఉన్నన్నాళ్ళూ రోజూ పనిచేసిందే.

మా ఇంటర్వ్యూ ప్యానెల్‌లో మేం ముగ్గురం ఇలాంటిదే ఒకటి మొదలుపెట్టాం, పైనుంచి ఎవరూ చెప్పకుండానే. అందరు అభ్యర్థులకూ అవే ప్రశ్నలు, అదే వరసలో. అభ్యర్థి వెళ్ళాక ఎవరూ నోరు విప్పకుండా ఎవరి మార్కులు వాళ్ళు, ఒక్కో మార్కుకు ఒక్క కారణంతో రాయాలి. ఆ తర్వాతే చర్చ. ఇంతకుముందు తలుపు మూసుకోగానే పెద్దాయన, "ఏమో, నాకెందుకో కుదరలేదు" అనేవారు. మిగతా ఇద్దరి అభిప్రాయమూ నెమ్మదిగా అటు జరిగేది. నాదీ జరిగేది. ఇప్పుడు ఆయన అదే మాట అన్నా, అప్పటికే నా కాగితం మీద అంకె ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఎందుకో చెప్పాలి.

ఇది చెబితే ఒక సహోద్యోగి, "ఇదీ ఇంకో టిక్కే కదా. ముందే మనసులో అనుకున్నవాళ్ళకు వచ్చేలా మార్కులు వేస్తారు" అన్నారు. నిజమే, చూశాను కూడా. ఒకసారి ఒక ప్యానెల్ సభ్యుడు మొత్తం ఎన్ని మార్కులో ముందే అనుకుని, దానికి సరిపోయేలా వెనక్కి విడి మార్కులు వేయడం నా కళ్ళారా చూశాను. కానీ ఆ కాగితం అక్కడ ఉంది. ప్రశ్న మూడుకు ఇంత ఎందుకని అడిగితే ఆయన తడబడ్డారు, మార్చారు. "నాకెందుకో కుదరలేదు" అన్న మాటను అలా అడగలేం, అది గాలిలో కలిసిపోతుంది. ప్రశ్నలు ముందే నిర్ణయించుకుని చేసే ఇంటర్వ్యూలు, తోచినట్టు మాట్లాడే ఇంటర్వ్యూల కన్నా మనిషి పని ఎలా చేస్తారో బాగా అంచనా వేస్తాయని మనస్తత్వవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నారు. తెలియక ఆగిన పని కాదిది. ఇందులో పెద్దవాళ్ళకు ఉన్న స్వేచ్ఛ కొంత తగ్గుతుంది, వీడియోతో ఎవరికీ ఏమీ తగ్గదు.

ఆ తటస్థం టిక్కు దగ్గరికే మళ్ళీ వచ్చాను. షీటు వెనక్కి తెప్పించుకుని నాలుగో గడి ఒకటి చేర్చాను, "నిర్ణయాల గురించి" అని పేరు పెట్టి. మళ్ళీ మొదటి నుంచి చదివితే చాలా మాటలు అందులోకి వచ్చి చేరాయి. అంతకుముందు ప్రతికూలం అనుకున్నవి, కొన్ని అనుకూలం అనుకున్నవి కూడా. హెచ్‌ఆర్ వాళ్ళు మర్యాదగానే, రిపోర్టు ఫార్మాట్‌లో మూడే ఉంటాయి, నాలుగో దాన్ని తటస్థంలో కలిపామని జవాబిచ్చారు. అప్పుడు ఇంకో సంగతి అడిగాను. మా ప్యానెల్ రాస్తున్న మార్కులు, కారణాలు, ఆ అభ్యర్థి అడిగితే చూపించవచ్చా అని. లీగల్ వాళ్ళను కనుక్కుని చెబుతామన్నారు. రెండు నెలలయింది. ఆ రాసిన వ్యక్తి ఎవరో నాకు తెలియదు. ఆ ప్యానెల్‌లో కూర్చున్నది నేనే అయినా అయి ఉండవచ్చు. వచ్చే నెల మీటింగ్‌లో మళ్ళీ అడుగుతాను.